భూమి రికార్డుకు ఏ ఫైల్ సిస్టమ్?
వెలిగండ్ల రైతు తన 1బీ, అడంగల్ భూమి రికార్డులను మీభూమి పోర్టల్‌లో చూసుకుంటున్న ఈ కాలంలో, అలాంటి రికార్డులను అనేక సర్వర్లకు పంచి భద్రపరిచే స్టోరేజ్ క్లస్టర్‌కు ఏ ఫైల్ సిస్టమ్‌ను, అంటే డిస్కు మీద సమాచారాన్ని ఎక్కడ, ఏ క్రమంలో రాయాలో నిర్ణయించే ఏ పద్ధతిని ఎంచుకోవాలన్నది ప్రజలకూ పట్టవలసిన ప్రశ్న. సాధారణంగా అందరూ వేగమే చూస్తారు గానీ, ఏళ్ల తరబడి ఎవరూ తెరవని పత్రంలో ఒక్క బిట్ తారుమారైనా ఆ పద్ధతి పసిగట్టగలదా అని ముందుగా అడగాలి. ఎంతోకాలంగా నమ్మకంగా నడుస్తున్న ఎక్స్ఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 తమ సొంత చిట్టాలకు చెక్‌సమ్, అంటే సరిచూసుకునే సంఖ్య, రాసుకోగలవు గానీ పత్రంలోని అసలు సమాచారానికి రాయవు. జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ రాస్తాయి. సేజ్ వీల్ రూపొందించిన సెఫ్ అనే, అనేక సర్వర్లకు సమాచారాన్ని పంచే నిల్వ సాఫ్ట్‌వేర్ చాలాకాలం ఎక్స్ఎఫ్ఎస్ వంటి వాటిపైనే ఆధారపడినా, ఒకే సమాచారాన్ని రెండుసార్లు రాయవలసిన భారం వంటి ఇబ్బందుల వల్ల, 2017లో వచ్చిన లూమినస్ విడుదలతో, డిస్కుపై నేరుగా రాస్తూ సమాచారానికీ చెక్‌సమ్ ఉంచే బ్లూస్టోర్‌కు మారింది. చెక్‌సమ్ లేనప్పుడు, రెండు ప్రతులు ఒకదానితో ఒకటి సరిపోలకపోతే వాటిలో ఏది చెడిందో నమ్మకంగా తేలదు. భూమి హక్కులను భద్రపరిచే ప్రభుత్వ డేటా కేంద్రాలు తమ టెండరు పత్రాల్లో వేగం కన్నా ముందు, సమాచారానికి చెక్‌సమ్ ఉండడాన్ని తప్పనిసరి షరతుగా రాయాలి.