వెనుక బల్ల

ఒక బాలుడు మన పాఠశాలకు రాకుండుటకు కారణ మేమని యెవరైన నడిగినచో, "వానికి చూపు లేదు" అనియో, "వానికి చెవులు వినరావు" అనియో చెప్పి యూరకుందుము. లోపము వాని కన్నులదా, మన పాఠశాలదా యని విచారించువారు మిక్కిలి తక్కువ.

బొల్లా శ్రీకాంతు గారి బాల్యమును చూడుడు. మచిలీపట్టణమునకు చేరువనున్న పల్లెలో చూపు లేక జన్మించిన ఆయన మొదట ఊరిబడిలో చేరెను. కూర్చుండ చోటు దొరకెను, వెనుక బల్లపై. చదువు మాత్రము దొరకలేదు, పలుకరించువారును లేరైరి. హైదరాబాదునందలి అంధుల వసతి పాఠశాలకు వచ్చిన పిమ్మటనే చదువబ్బెను. చప్పుడు చేయు బంతితో క్రికెట్టు సైతము నేర్చెను. పదవ తరగతి ముగిసినపుడు విజ్ఞానశాస్త్రము చదువుటకు నిబంధన లడ్డురాగా, న్యాయస్థానమున పోరాడి గెలిచి, పండ్రెండవ తరగతిలో నూటికి 98 వంతుల మార్కులు గడించెను. పిదప అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ పరిశ్రమను నెలకొల్పెను.

కావున ఒకే గదిలో కూర్చుండబెట్టుటయే కలిసి చదువుట కాదు. వసతి పాఠశాలలన్నిటిని మూసివేయవలె ననువారితో నే నేకీభవింపజాలను. చెవిటి బిడ్డకు సంజ్ఞలతో ముచ్చటించు చెలికాడు పల్లెలో నెక్కడ దొరకును? పారిసు నగరమున లూయీ బ్రెయిలు ఆరు చుక్కల లిపిని 1824లో కల్పించినదియు అంధబాలుర వసతి పాఠశాలయందే. అప్పటి కాయన వయస్సు 15 ఏండ్లు. అయినను ఆరేండ్ల పసివానిని తల్లి యొడినుండి దూరము చేయుట చిన్న సంగతి కాదు. అట్టి గృహమును చూడబోవు తలిదండ్రులు కట్టడపు సొగసును చూడక, రాత్రివేళ బిడ్డ యేడ్చినచో లేచు ఆయా యెందరు పిల్లల కొక్కతె యని యడుగుదురు గాక. (క్రొత్త సున్నము వేసిన గోడలు ఎవరినైనను మోసగించును.)

2016 నాటి చట్టము, నిర్ణీత స్థాయి వైకల్యముగల 6 మొదలు 18 ఏండ్ల వయస్సు బిడ్డకు సమీప పాఠశాలలో గాని, కోరుకొనిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కు నిచ్చినది. కాని సమీప పాఠశాల వాకిట మెట్లే తప్ప వాలుదారి లేనప్పుడు, బ్రెయిలు పుస్తకము లేనప్పుడు, ఆ కోరుకొనుట యెట్టిది? తల్లి బిడ్డను దూరమునకు పంపుట కోరికచేత గాదు, గత్యంతరము లేక.

వాలుదారికి ధనము కావలెను. ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయుదానిని బిగ్గరగా చదువుచు వ్రాయుటకు కాసైనను అక్కరలేదు. వినలేని వానికి మోము కనబడునట్లు తిరిగి పలుకుటకును అంతే. విద్యార్థులారా, వచ్చు జూనులో అట్టి బిడ్డను చేయిపట్టుకొని తండ్రి యొకడు మన ఆఫీసు గది ముందు నిలిచినచో, మొదటి బల్లపై మీలో నెవరు జరిగి చోటిత్తురు?