మన గింజ - మన హక్కు

గోధుమ పడని జబ్బు గురించి సంపాదకీయం ఏమిటని మిత్రులు కొందరు అడిగారు. పోడు పట్టాలు, గృహహింస, ఆశ్రమ పాఠశాలల్లో ఆడపిల్లల జ్వరాలు - ఇన్ని సమస్యలుండగా వెయ్యిమందిలో ఒకరికి వచ్చే జబ్బు మీద ఇంత చోటు ఎందుకని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఈ జబ్బుకు మాత్ర లేదు, సూది లేదు, ఆపరేషన్ లేదు. తిండే మందు. కాబట్టి ఏ గింజ పండాలి, రేషన్ షాపులో ఏది దొరకాలి, అంగన్‌వాడీలో ఏది పెట్టాలి, వంటింట్లో ఎవరి కోసం ఏం వండాలి అన్న నిర్ణయాలు ఎవరి చేతుల్లో వున్నాయో ఈ జబ్బు మనకు చూపిస్తుంది. ఆ నిర్ణయాల్లో మనకెంత భాగం వుందన్నది హక్కుల ప్రశ్న. ఉట్నూర్‌లో ఆ ప్రశ్నకు మరింత బలం వుంది. ఎందుకంటే ఈ జబ్బుకు కావలసిన మందు ఇక్కడి నేలలోనే తరతరాలుగా పండింది.

ముందు జబ్బు సంగతి. దీన్ని సీలియాక్ అంటారు. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు వుంటుంది. గోధుమ పిండి సాగేది దానివల్లే. కొందరి శరీరం ఈ గ్లూటెన్‌ను శత్రువనుకుని, ఆ పోరాటంలో తన చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీసుకుంటుంది. తిన్న తిండి ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, నీరసం, ఎముకల బలహీనత, ఎంతకీ తగ్గని రక్తహీనత వస్తాయి. పిల్లలయితే ఎదగరు. గోధుమ పూర్తిగా మానేస్తే పేగు మెల్లగా కోలుకుంటుంది. మళ్ళీ తింటే మళ్ళీ దెబ్బతింటుంది. జీవితాంతం ఇంతే.

2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దేశంలోని ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేలమందికి పైగా పెద్దలకు రక్తపరీక్షలు చేశారు. ఈ జబ్బును సూచించే లక్షణం ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి కనిపించింది. జబ్బుకు దారితీసే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానమే - అక్కడ నూటికి 38మందిలో, ఇక్కడ 36మందిలో వున్నాయి. తేడా అంతా కంచంలోనే వుంది. రోజుకు ఉత్తరాదిలో 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిలో 25 గ్రాములు తింటున్నారు. అంటే మనల్ని ఇన్నాళ్ళు కాపాడింది మన ఒంటి గొప్పతనం కాదు, మన అన్నం, మన జొన్న. ఆ కంచం ఇప్పుడు మారుతోంది.

ఈ జబ్బు నాకూ వుంది. పేరు తెలియడానికి ముందు ఏళ్ళ తరబడి ఇనుము మాత్రలు మింగాను. 'ఆడవాళ్ళకు రక్తం తక్కువుండటం మామూలే' అని ఒక ఆస్పత్రిలో చెప్పి పంపించారు. ఆ మాట ఒక్క డాక్టరుది కాదు, సమాజానిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57మందికి పైగా రక్తహీనత వుంది. సగానికి పైగా ఆడవాళ్ళకు వున్నది 'మామూలు' అయిపోయింది. మామూలు అయిపోయిన దానికి కారణం వెతకరు. తిండి చాలక వచ్చిందా, కొంకి పురుగుల వల్లా, మలేరియా వల్లా, ఆదివాసీ గూడేల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వల్లా, లేక తిన్నది ఒంటబట్టకనా అని అడిగేవాళ్ళు తక్కువ. అందరికీ అవే మాత్రలు. మాత్ర పనిచేయకపోతే 'సరిగ్గా మింగడం లేదు' అని నేరం ఆమె మీదికే వస్తుంది.

ఇంకొక నేరం ఇంతకంటే బరువైనది. గుర్తించని సీలియాక్ వల్ల గర్భం నిలవకపోవచ్చు, మళ్ళీ మళ్ళీ గర్భస్రావాలు కావచ్చు, పుట్టిన బిడ్డ బరువు తక్కువుండొచ్చు. మన ఊళ్ళలో ఆ స్త్రీకి పెట్టే పేరేమిటో మనందరికీ తెలుసు. పెళ్ళికి ముందే జబ్బు బయటపడితే సంబంధం తప్పిపోతుందని తల్లిదండ్రులు దాస్తారు. దాచిన పిల్ల అత్తగారింట్లో చపాతీ తినక తప్పదు. తినలేకపోతే 'నాజూకు', తిని పడిపోతే 'రోగిష్టిది'. ఇంట్లో అందరికీ వండే మనిషికి తనకోసం వేరే గిన్నె పెట్టుకునే అధికారం లేకపోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. ఈ జబ్బున్న స్త్రీకి అది ప్రాణం మీది విషయం.

రోజువారీ బతుకు ఎలా వుంటుందో కొంచెం చెప్పాలి. చపాతీ, పూరీ, రవ్వ ఉప్మా, సేమియా, బిస్కెట్టు, సమోసా కూడదని ఎవరికైనా అర్థమవుతుంది. కనిపించని గోధుమతోనే చిక్కంతా. బజారులో దొరికే డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. చారులో చిటికెడు ఇంగువ చాలు. పలకరించడానికొచ్చిన చుట్టాలు బ్రెడ్డు, పాలలో కలుపుకునే మాల్టు పొడి తెస్తారు. జ్వరమొస్తే బ్రెడ్డు తినిపించడం మన ఆస్పత్రుల ఆచారం కూడా. ఎండాకాలం చలువకని బార్లీ నీళ్ళిస్తారు. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ రవ్వతోనే చేస్తారు, వద్దంటే భక్తి లేదంటారు. గోధుమ ఆడించిన పిండి గిర్నిలోనే జొన్నలు పోస్తే ఆ జొన్న పిండి కూడా నాకు పనికిరాదు. చపాతీ కాల్చిన పెంక మీద వేసిన జొన్న రొట్టె కూడా అంతే. ఇవన్నీ అడిగి తెలుసుకుని తినాలంటే ప్రతి ఇంట్లో, ప్రతి పెళ్ళిలో నోరు విప్పాలి. పెట్టింది తిని లేవడమే మర్యాద అని పెంచిన ఆడపిల్లలకు ఇది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

మన సంఘాల సంగతీ ఇదే. శిక్షణా శిబిరం ఎక్కడ పెట్టినా పొద్దున ఉప్మా, పదకొండు గంటలకు టీతో బిస్కెట్లు, రాత్రికి చపాతీ. ఆహార హక్కు మీద సదస్సులోనూ అదే. ఉట్నూర్ చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చిన గోండు, కోలాం అక్కలు ఆ ఉప్మా ముందు మొహమాటంగా కూర్చోవడం నేను చూశాను. 'ఇది పట్నపోల్ల తిండి బిడ్డా, మాకు గట్క అయితే కడుపు నిండుతది' అని ఒక ముసలమ్మ మెల్లగా అన్నది. ఆమెకు ఏ జబ్బూ లేదు. కానీ ఆమె అడిగిందీ నేను అడిగేదీ ఒకటే.

1940ల్లో మార్లవాయిలో వుండి గోండుల జీవితాన్ని రాసిన హైమెన్‌డార్ఫ్ వాళ్ళ ముఖ్యమైన తిండి జొన్న అని నమోదు చేశాడు. జొన్న రొట్టె, జొన్న గట్క, అంబలి, వాటితోపాటు సామలు, కొర్రలు, మక్కలు - వీటిలో ఏ ఒక్కదానిలోనూ గ్లూటెన్ లేదు. పట్నాల్లో 'గ్లూటెన్ ఫ్రీ' అని రంగుల పొట్లాల్లో అమ్మే పిండి ఇక్కడి అవ్వల చేతి రొట్టె కంటే మెరుగైనదేమీ కాదు, ధర మాత్రం ఎన్నో రెట్లు. అయితే ఈ అవ్వల మనవరాళ్ళ ఇళ్ళలో జొన్న తగ్గిపోయింది. వానాకాలం చేలను పత్తి, సోయా ఆక్రమించాయి. యాసంగిలో జొన్న వేసే రైతులున్నా అది చాలావరకు అమ్మకానికే పోతోంది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఎన్నో కడుపులు నింపింది, కాదనను. దానితోపాటే జొన్న 'లేనోళ్ళ తిండి' అన్న చిన్నచూపూ పెరిగింది. ఆ తర్వాత హాస్టళ్ళ ద్వారా, అంగన్‌వాడీ పొట్లాల ద్వారా, షుగరు జబ్బుకు రాత్రిపూట చపాతీ తినమనే సలహాల ద్వారా గోధుమ వచ్చింది.

తిండి మారితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి మనకు చాలా దూరంలో వుంది. పశ్చిమ సహారా నుంచి తరిమివేయబడ్డ సహ్రావీ ప్రజలు 1975 తర్వాత అల్జీరియా ఎడారిలో శరణార్థి శిబిరాల్లో బతుకుతున్నారు. ఒంటె పాలు, మాంసం, ఖర్జూరాల మీద బతికిన సంచార జాతి వాళ్ళది. వలస పాలనలో మొదలై సహాయంగా అందిన గోధుమ పిండితో స్థిరపడ్డ కొత్త తిండి వాళ్ళది. 1999లో ప్రచురితమైన అధ్యయనం కోసం అక్కడి పిల్లలకు పరీక్షలు చేస్తే నూటికి అయిదుగురికి పైగా సీలియాక్ వున్నట్టు తేలింది. ఆకలి తీర్చడానికిచ్చిన తిండే కొందరు పిల్లలను కృశింపజేసింది. మన గూడేలకూ అదే జరుగుతుందని నేననడం లేదు. తిండి ఇచ్చేవాడు తినేవాళ్ళను అడగకపోతే ఏమవుతుందో గుర్తు చేస్తున్నాను.

అడిగితే ఏమవుతుందో కూడా ఈ జబ్బు చరిత్రలోనే వుంది. గోధుమే కారణమని రుజువు చేసినవాడు విల్లెం డికె అనే డచ్చి పిల్లల డాక్టరు. రొట్టె మానిపిస్తే తన బిడ్డ నయమవుతున్నదని ఒక తల్లి చెప్పిన మాటతో ఆయనకు ఆలోచన కలిగిందని చెబుతారు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల హాలెండులో రొట్టె దొరకని కరువు వచ్చినప్పుడు జబ్బు పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ పడిపోవడం ఆయన నమ్మకాన్ని బలపరిచాయి. 1950లో ఆయన పరిశోధన వెలువడింది. తల్లి మాటను కొట్టిపారేయకుండా విన్నందువల్ల ఒక శాస్త్రం ముందుకు నడిచింది. మన అంగన్‌వాడీలో 'ఈ పిండి తిన్నప్పటి నుంచి బిడ్డకు విరేచనాలు ఆగడం లేదు' అని చెప్పే తల్లి మాట ఎవరు వింటున్నారు? ఏడు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకిచ్చే బాలామృతంలో గోధుమ ప్రధానమైన దినుసు. ఎక్కువమంది పిల్లలకు అది మేలే చేస్తుంది. పడని బిడ్డకు మాత్రం బరువు పెరగలేదని అదే ఇంకొంచెం ఎక్కువ పెట్టమని చెప్పడం అన్యాయం.

చట్టం మనవైపు లేకపోలేదు. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలనూ పేర్కొన్నది. పక్కనున్న కర్ణాటకలో రేషన్ షాపుల్లో రాగులు, జొన్నలు ఇస్తున్నారు. మన దగ్గర రేషన్ అంటే బియ్యమే. ఇక్రిశాట్ సాయంతో గిరిజన సంక్షేమ శాఖ నడిపిన 'గిరి పోషణ' పథకంలో ఉట్నూర్ ప్రాంతపు తల్లులకు, పిల్లలకు జొన్నతో చేసిన ఆహారం అందించారు. ఉట్నూర్‌లోనే భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం స్త్రీలు ఇప్పపువ్వు లడ్డూలు తయారు చేస్తున్నారు. ఇక్కడి గింజతో, ఇక్కడి స్త్రీల చేతులతో పిల్లల తిండి తయారు చేయడం సాధ్యమేనని ఇవి చూపిస్తున్నాయి. ఇటలీలో ఈ జబ్బున్న వాళ్ళకు ప్రత్యేక ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వమే నెలనెలా కొంత భరిస్తుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ వుంది, సీలియాక్ లేదు. పొట్లం మీద గోధుమ వుందో లేదో రాయాలన్న నిబంధన వుంది కానీ, ఇంగ్లీషులోనో హిందీలోనో రాస్తే చాలు. ఉట్నూర్ సంతలో పొట్లం కొనే స్త్రీకి అది వుండీ లేనట్టే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, నీరసంగా వున్నవాళ్ళందరూ గోధుమ మానేయాల్సిన పని లేదు. పట్నాల్లో ఇదొక మోజుగా మారింది. అనుమానం వుంటే గోధుమ మానకముందే రక్తపరీక్ష, అవసరమైతే పేగు పరీక్ష చేయించుకోవాలి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు. రెండు, జొన్న తిరిగి రావాలని మనం అంటున్నప్పుడు అది ఎవరి రెక్కల మీద వస్తుందో మరిచిపోకూడదు. జొన్నలు దంచి, విసిరి, పొయ్యి ముందు కూర్చుని ఒక్కొక్క రొట్టె చేత్తో తట్టింది ఆడవాళ్ళే. బియ్యం వాళ్ళకు కొంత ఊపిరి ఇచ్చింది. ఆ చాకిరీని తిరిగి స్త్రీల నెత్తిన పెట్టి దానికి సంప్రదాయమని పేరు పెట్టేవాళ్ళతో మనం కలవలేం. గిర్నీలు కావాలి, మగవాళ్ళు రొట్టె తట్టడం నేర్చుకోవాలి.

కాబట్టి మన సంఘాలు కలిసి ఈ కోరికలను ప్రభుత్వం ముందు పెట్టాలని కోరుతున్నాను. ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత వున్న ప్రతి స్త్రీకి కారణం వెతికే పరీక్షలు ఉచితంగా జరగాలి. దూరంలో వున్న పెద్దాసుపత్రికి పంపితే దారి ఖర్చులు ఇవ్వాలి. ఐటీడీఏ పరిధిలోని రేషన్ షాపుల్లో బియ్యంతోపాటు కోరినవాళ్ళకు జొన్నలు ఇవ్వాలి, వాటిని ఇక్కడి రైతుల దగ్గరే కొనాలి. అంగన్‌వాడీల్లో, ఆశ్రమ పాఠశాలల్లో గోధుమ లేని తిండి కూడా వుండాలి. మహిళా సంఘాలకిచ్చే గిర్నీల్లో ఒకదాన్ని జొన్నలకే కేటాయించాలి. పొట్లాల మీద వివరాలు తెలుగులో వుండాలి.

ప్రభుత్వం కదలడానికి సమయం పడుతుంది. మన శిబిరాల్లో వంట మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వచ్చే సమావేశంలో ఉప్మా పక్కన ఒక గిన్నె గట్క పెడదాం. ఎవరికి ఏది పడదో ముందుగానే అడుగుదాం. అడగడం మనతోనే మొదలైతే, అడిగి పెట్టమని ప్రభుత్వాన్ని నిలదీసే నైతిక బలం మనకు వుంటుంది.