132 అంతస్తుల పొలం

బెల్జియం ఆర్కిటెక్ట్ విన్సెంట్ కాలెబో 2009లో న్యూయార్క్‌లోని రూజ్‌వెల్ట్ దీవి కోసం ఒక మేడ గీశాడు. పేరు ‘డ్రాగన్‌ఫ్లై’. తూనీగ రెక్కల ఆకారం, 132 అంతస్తులు, 600 మీటర్ల ఎత్తు. ఇళ్లు, ఆఫీసుల నడుమ పొలాలూ పాడీ. బొమ్మ లోకమంతా తిరిగింది. పునాది మాత్రం పడలేదు.

ఈ ఊహకు బీజం కొలంబియా విశ్వవిద్యాలయంలో పడింది. మన్‌హట్టన్ మిద్దెలన్నిటి మీదా పంట వేస్తే ఎందరి కడుపు నిండుతుందో 1999లో ప్రొఫెసర్ డిక్సన్ డెస్పోమియే విద్యార్థులు లెక్క కట్టారు. జనాభాలో 2 శాతమని తేలింది. అయితే పొలాన్నే అంతస్తుల్లోకి ఎక్కిద్దామన్నాడాయన.

చిక్కంతా ఎండ దగ్గరే. చేనుకు అది ఉచితం. అంతస్తు మీద అంతస్తు లేస్తే పైది కిందిదానికి నీడ. కిటికీ పక్క వరసల సంగతి ఎలా ఉన్నా, లోపలి మొక్కకు ఎల్‌ఈడీ దీపమే సూర్యుడు, కరెంటు బిల్లే కౌలు. అందుకే ఈ సాగు త్వరగా కోతకొచ్చే లెట్యూస్ లాంటి ఆకుకూరల చుట్టూనే తిరుగుతోంది. వరి, గోధుమలకు గిట్టుబాటు కాదు. అమెరికాలో గోదాముల్లాంటి కట్టడాల్లో ఆకుకూరలు పెంచిన ఏరోఫార్మ్స్ 2023లో దివాలా పిటిషన్ వేసింది. అదే పని చేసిన బవరీ సంస్థ 2024లో మూతపడింది. గోదాములోనే ఇంత కష్టమైతే, ఫ్లాటుగా అమ్ముకోగల చోట కూర మడి వేసే బిల్డరు ఎవరు?

మేడల్లో పచ్చదనం మాత్రం అసాధ్యం కాదు. మిలాన్‌లో 2014లో పూర్తయిన ‘బోస్కో వెర్టికాలే’ జంట మేడల బాల్కనీల్లో వందలాది చెట్లున్నాయి. కొమ్మలు కత్తిరించే తోటమాలులు పైనుంచి తాళ్లతో వేలాడుతూ దిగుతారు. చూడ్డానికి ముచ్చటే, కానీ అది అడవి; కూరలోకి ఏమీ రాదు.

ఇల్లూ సాగూ నిజంగా కలిసింది సింగపూర్‌లోని ‘కంపుంగ్ అడ్మిరాల్టీ’లో. వోహా సంస్థ డిజైన్ చేసిన ఈ ప్రభుత్వ గృహ సముదాయంలో ఉన్నవి 11 అంతస్తులే. వయసు మళ్లినవారికి 104 ఫ్లాట్లు, కింద తినుబండారాల అంగళ్లు, ఆపైన వైద్యకేంద్రం, మిద్దె మీద అక్కడివాళ్లే చూసుకునే తోట. 2018లో ప్రపంచ ఆర్కిటెక్చర్ ఉత్సవంలో ఆ ఏటి మేటి భవనంగా ఎంపికైంది. మన ఊళ్లలో మిద్దెతోట వేసుకున్నవారికి ఇందులో వింతేమీ కనిపించదు. అయితే ఆ సింగపూర్ తోటలో పండేది ఊరికి సరిపోదు. పెద్దవాళ్లను నలుగురిలోకి తీసుకురావడమే దాని అసలు పని.

సరిపడా పండించడం ఆ దేశానికే కష్టమైంది. తిండిలో 90 శాతానికి పైగా దిగుమతి చేసుకునే సింగపూర్, పోషకావసరాల్లో 30 శాతం 2030కల్లా సొంతంగా పండించాలని 2019లో లక్ష్యం పెట్టుకుంది. 2025 నవంబరులో దాన్ని పక్కన పెట్టి, గడువును 2035కు జరిపి, కొత్త లక్ష్యాలను పీచు, ప్రొటీన్ ఆహారాలకే పరిమితం చేసింది.