రాత్రి వెలుగు, ఆడవాళ్ళ ఆరోగ్యం

రాత్రి పని గురించి మనం చాలాకాలంగా చర్చిస్తున్నాం. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు స్త్రీలను ఫ్యాక్టరీల్లోకి రానివ్వలేదు. 2000లో మద్రాసు హైకోర్టు ఈ ఆంక్ష రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 2020లో వచ్చిన వృత్తి భద్రతా కోడ్ స్త్రీల అంగీకారంతో రాత్రి పనిని అనుమతించింది. రక్షణ పేరుతో పెట్టిన నిషేధం పోవాల్సిందే. అయితే మన చర్చంతా రవాణా, భద్రతల దగ్గరే ఆగిపోయింది. రాత్రంతా ట్యూబ్‌లైట్ల కింద మేలుకున్న శరీరం మాటేమిటి?

చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. రాత్రయిందని ఒంటికి కబురు చెప్పేది అదే. కంటికి వెలుగు, ముఖ్యంగా నీలికాంతి, తగిలితే ఆ విడుదల తగ్గిపోతుంది. ఇందుకు కళ్ళు చెదిరే వెలుగే అక్కర్లేదు. 2011లో అమెరికాలో 116 మందిపై జరిపిన పరిశోధన ప్రచురితమైంది. పడుకోబోయే ముందు మామూలు గది వెలుతురులో గడిపినవారిలో, మసక వెలుతురులో గడిపినవారికంటే, మెలటోనిన్ ఉండే వ్యవధి సుమారు గంటన్నర తగ్గిందని అందులో తేలింది.

శరీర గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ప్రకటించింది, 2019లోనూ అదే నిర్ణయానికి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌పై అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదన్నది నిజం. అయినా డెన్మార్క్ కొందరు రాత్రి షిఫ్టు స్త్రీల రొమ్ము క్యాన్సర్‌ను వృత్తి సంబంధమైనదిగా గుర్తించి నష్టపరిహారం ఇచ్చింది.

నాకు ఇక్కడ కనబడేది ఇంటిచాకిరీ సమస్య కూడా. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మగవాడికి తలుపులు దగ్గరగా వేసి, పిల్లల్ని అల్లరి చెయ్యొద్దంటారు. అదే నర్సు, కాల్‌సెంటర్ ఉద్యోగిని ఇల్లు చేరేసరికి పొయ్యి ఎదురుచూస్తుంటుంది. రాత్రి చీకటిని ఉద్యోగం తీసుకుంటే పగటి నిద్రను కుటుంబం తీసుకుంటుంది. ఒంటి గది ఇళ్ళలో చీకటి చేసుకుని పడుకునే చోటే ఉండదు.

కాబట్టి ఆమె అంగీకార పత్రంపై సంతకం చేసినంతమాత్రాన యాజమాన్యం బాధ్యత తీరదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990 నాటి 171వ ఒడంబడిక రాత్రి కార్మికులకు ఉచిత వైద్య పరీక్షలు, ఆరోగ్యం చెడితే వీలైనచోట పగటి పనికి బదిలీ, గర్భిణులకు ప్రత్యామ్నాయం ఉండాలంటుంది. వీటితోపాటు వరుస నైట్ డ్యూటీలకు పరిమితి, చీకటిగా ఉండే విశ్రాంతి గది మనం అడగాలి. వీధిలో దీపాలు కావాలని పోరాడినవాళ్ళం మనం. నిద్రకు చీకటి కావాలని అడగడం కూడా ఆ పోరాటంలో భాగమే.