వేలిముద్రకు ముందు జరగాల్సిన మాట

2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ రాకుండా కాపాడే టీకా అది. పాత్‌ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనంలో భాగంగా ఇది జరిగింది. ఆ తర్వాత కేంద్రం నియమించిన విచారణ సంఘం 9,543 అంగీకార పత్రాలు తిరగేస్తే 1,948 పత్రాల మీద వేలిముద్రలు కనిపించాయి. మరో 2,763 పత్రాల మీద సంతకాలు పెట్టింది హాస్టల్‌ వార్డెన్లు. అంటే ప్రతి పది పత్రాల్లో దాదాపు మూడింటిలో కన్నవాళ్ల చెయ్యే పడలేదు. వేలిముద్ర వెయ్యడం తప్పేమీ కాదు. వేసే ముందు వాళ్లకు ఎవరు ఏం చదివి వినిపించారు, పక్కన సాక్షి ఎవరు అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఈ అధ్యయనం జరిగిన ఆంధ్రప్రదేశ్‌, గుజరాత్‌లలో కలిపి టీకా వేయించుకున్న ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్త వచ్చాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం అధ్యయనాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణమని చెప్పడానికి ఆధారం లేదని విచారణ సంఘం చెప్పినా, అప్పటికి ఆ మాట వినే స్థితిలో ఎవరూ లేరు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా అనుమతుల తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ ఓడిపోయింది టీకా కాదు, నమ్మకం. ఏటా 1.2 లక్షలకు పైగా ఆడవాళ్లకు కొత్తగా ఈ క్యాన్సర్‌ వస్తున్న దేశంలో, ఒక రాష్ట్రమంతటా ఈ టీకాను విజయవంతంగా వేయడానికి 2018లో సిక్కిం పూనుకునేదాకా ఆగాల్సి వచ్చింది. ధర వంటి కారణాలూ ఉన్నాయి కాబట్టి ఆలస్యమంతా ఖమ్మం ఖాతాలో వెయ్యలేం. కానీ ఆ నీడ పడలేదని కూడా అనలేం. దీన్నుంచి చాలామంది తీసిన పాఠం ‘అంగీకార పత్రాలు సరిగ్గా నింపాలి’ అన్నది. నాకు అది సగం పాఠంగానే తోస్తుంది. పరిశోధన అంటే ఏమిటో ఊరికి ముందుగా తెలియకపోతే, పత్రం ఎంత చక్కగా నింపినా కాగితం కాగితమే. పరిశోధకులు ఊళ్లో అడుగుపెట్టకముందే ఆ చదువు మొదలవ్వాలి.

ఎందుకంటే మన దగ్గర మాటల బరువే వేరు. ‘ప్రయోగం’ అనగానే ఎలుకలు గుర్తొస్తాయి, చేతబడి గుర్తొస్తుంది. సంతకం అంటే ప్రామిసరీ నోటు, భూమి తాకట్టు. ఆసుపత్రిలో అయితే ఆపరేషన్‌కు ముందు ‘ప్రాణానికి మా పూచీ లేదు’ అని రాయించుకునే కాగితం. ఇన్ని చేదు అర్థాలు మోస్తున్న సంతకాన్ని, అయిదు నిమిషాల్లో, ‘యాదృచ్ఛిక కేటాయింపు’, ‘గోప్యత’, ‘ప్రతికూల ప్రభావాలు’ వంటి గ్రాంథికపు ముద్దల కింద పెట్టమంటాం. దానికి సమ్మతి అని పేరు. అసలు విషయం మాత్రం అంత జటిలం కాదు, ఇలా చెప్పొచ్చు. మందు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో చీటీలు తీసి తేలుస్తారు. చీటీలో ఏది వచ్చిందో కొన్నిసార్లు డాక్టరుకు కూడా తెలియనివ్వరు. ఇది మీ ఒక్కరి వైద్యం కోసం చేస్తున్నది కాదు, జవాబు తెలియని ఒక ప్రశ్న కోసం చేస్తున్నది. మీకు మేలు జరగొచ్చు, జరగకపోనూవచ్చు. మధ్యలో మానేసినా మామూలుగా అందే వైద్యం ఆగదు. మందుల ప్రయోగంలో హాని జరిగితే చికిత్సకు, పరిహారానికి 2019 నిబంధనలు దారి చూపిస్తున్నాయి. చదువు రానివారికి ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయని పెదవి విరిచేవాళ్లున్నారు. చీటీ పాడితే చేతికెంత వస్తుందో, ఇంకా ఎన్ని నెలలు కట్టాలో నోటిలెక్కగా చెప్పేస్తుంది డ్వాక్రా సంఘంలోని మహిళ. ఆమెకు అర్థం కాకపోతే తప్పు చెప్పినవాళ్లదే.

చదువు రానివారికీ అర్థమవుతుందన్నది ఊహ కాదనడానికి జార్ఖండ్‌, ఒడిశా గిరిజన గ్రామాలు ఉదాహరణ. ఏక్‌జుట్‌ అనే సంస్థ అక్కడ మహిళా బృందాలను నెలనెలా కూర్చోబెట్టింది. బొమ్మల కార్డులు, కథలు, నాటకాలతో పసికందుల మరణాలకు కారణాలను వాళ్లచేతే వెతికించి, ఏం చేయాలో వాళ్లచేతే నిర్ణయింపజేసింది. అదే సమయంలో అది కట్టుదిట్టమైన పరిశోధన కూడా. ఏ గ్రామ సముదాయాల్లో బృందాలు నడవాలో లాటరీలా ఎంపిక చేసి, మిగిలినవాటితో పోల్చారు. మూడేళ్లలో బృందాలు నడిచినచోట నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయని 2010లో లాన్సెట్‌ పత్రిక ప్రచురించింది. అక్షరాస్యత బాగా తక్కువగా ఉన్న ఊళ్లే అవి.

జనానికి ఇన్ని హక్కులు నేర్పితే ఎవరూ ముందుకు రారని, పరిశోధనే ఆగిపోతుందని ఒక భయం ఉంది. కొందరు వద్దంటారు, నిజమే. అలా అనే హక్కు వాళ్లకుంది. కానీ తెలిసి వద్దన్నవారి వల్ల కొన్ని నెలలు ఆలస్యమవుతుంది. తెలియక సరేనన్నవారి వల్ల ఏళ్ల తరబడి తలుపులు మూసుకుపోతాయి. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఊరికి చెప్పడమంటే ఊరి పెద్దలకు చెప్పడంగా మారి, సర్పంచో పటేలో తలూపగానే మిగతావాళ్లు నోరు మూసుకోవాల్సి వస్తుందేమోనన్నది ఆ అనుమానం. దీన్ని కొట్టిపారేయలేను, కులం బలంగా ఉన్న ఊళ్లలో మరీనూ. ఊరి అనుమతి వ్యక్తి అనుమతికి బదులు కాదని వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది కాగితం దాటి రావాలంటే రచ్చబండ మీద ఒకసారి చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆడవాళ్లకు విడిగా, కూలి పనుల నుంచి తిరిగొచ్చే వేళకు, ప్రతి పేటలోనూ చెప్పాలి.

చెప్పేదెవరన్నది కూడా తేల్చుకోవాలి. ఎంతమందిని చేర్పిస్తే అంత అన్న లెక్కన డబ్బు ముట్టే మనిషి ఈ పాఠం చెప్పకూడదు. ఆశా కార్యకర్తకు ఊరంతా పరిచయమే కానీ, ఆమె మాటను సర్కారు ఆజ్ఞగా తీసుకునే ప్రమాదం ఉంది. సైన్సు ప్రచారంలో అనుభవమున్న సంఘాలు, హైస్కూలు మాస్టార్లు, నర్సింగ్‌ కాలేజీ విద్యార్థినులు కలిస్తే ఈ పని సాధ్యమే. ఖర్చు పరిశోధన బడ్జెట్‌ నుంచే రావాలి, పెత్తనం మాత్రం పరిశోధకుడి చేతిలో ఉండకూడదు. అధ్యయనం ముగిశాక అదే జనాన్ని మళ్లీ కూర్చోబెట్టి, మీ రక్తంతో మేం తెలుసుకున్నది ఇదీ అని తెలుగులో చెప్పాలి. సంతకం చేసిన పత్రం నకలు ఒకటి పాల్గొన్నవారికి ఇవ్వాలన్న నియమం ఎటూ ఉంది. దాని మీద, పరిశోధనలో పాల్గొనేవారి హక్కులను చూసే ఎథిక్స్‌ కమిటీ ఫోన్‌ నంబరు అచ్చేసి ఉంటుంది. ఆ నంబరుకు ఫోన్‌ చేసి ఏం అడగాలో ఆ ఇంట్లో ఒక్కరికైనా తెలిసిందా లేదా అన్నది పరిశోధన మొదలవ్వకముందే చూసుకోవాలి.