ఆపద్ధర్మపు సంచి

రెండు గాలాలు, ఇరవై అడుగుల నైలాన్ దారం, దిక్సూచి, రాపిడికి నిప్పురవ్వలు రాల్చే కడ్డీ, ఉచ్చు పన్నడానికి సన్నటి ఇత్తడి తీగ, వేలెడంత చాకు, కొవ్వొత్తి ముక్క. పుదీనా బిళ్ళలు అమ్మే చిన్న రేకు డబ్బాలో వీటన్నిటినీ ఇరికించి, మూత చుట్టూ టేపు అంటించి, కొన్నేళ్ళపాటు భుజాన వేసుకునే సంచిలో మోసుకు తిరిగాను. ఆపద ఎక్కడ ఎదురైనా ఆ డబ్బా తెరిస్తే చాలు, బ్రతికి బట్టకట్టగలనన్న ధీమా ఉండేది. ఇటువంటి డబ్బాలు కట్టుకునే అలవాటున్నవారు మనలోనూ కొందరున్నారని నాకు తెలుసు. ఏ వస్తువు ఉంచాలి, ఏది తీసేయాలి అని తర్కించుకోవడంలోనూ, అరంగుళం ఖాళీ వదలకుండా సర్దడంలోనూ ఒక ఆనందం ఉంది. దాన్ని కాదనను. కాని ఆ డబ్బా వెనుక ఉన్న ఊహ మన బ్రతుకులకు పొసగదని నా అభిప్రాయం. ఇది పుస్తకాలు చదివి ఏర్పరచుకున్నది కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు 170 - 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఊళ్ళో చెట్లన్నీ మోడులయ్యాయి. అప్పుడు నేను అక్కడే, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉన్నాను. ప్రాణాపాయం మాకు రాలేదు. వచ్చిన చిక్కంతా ఆ మర్నాటి నుంచి. కరెంటు లేదు, కాబట్టి మోటారు లేదు, కాబట్టి నీళ్ళు లేవు. ఫోన్లు మూగబోయాయి. ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్టు ధర చెప్పినవాడిదే ధర అయింది.

కింది అంతస్తులో డెబ్బై దాటిన మామ్మగారు ఒక్కరే ఉండేవారు. రెండోనాడు మెట్లెక్కి వచ్చి, "బాబూ, నా బీపీ మాత్రలు అయిపోయాయి. ఎక్కడైనా దొరుకుతాయేమో చూస్తావా?" అన్నారు. మందు పేరేమిటంటే చెప్పలేకపోయారు. "తెల్లగా, గుండ్రంగా ఉంటుంది నాయనా, పొద్దున్నే ఒకటి వేసుకుంటాను" అన్నారు. ఖాళీ అట్టను అంతకు ముందురోజే పారేశారు. పై ఊళ్ళో ఉన్న కొడుక్కి ఆ పేరు తెలుసు, కాని కొడుకు నంబరు ఆవిడ ఫోనులోనే ఉంది. ఆ ఫోను చచ్చిపోయి ఉంది. మూడోనాటికి సందు చివర మందుల దుకాణం కొవ్వొత్తి వెలుగులో తెరిచారు. అడగడానికి మా దగ్గర పేరు లేదు. అప్పటికి ఆవిడకు లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. నా సంచిలోని డబ్బా గుర్తొచ్చి నాకే సిగ్గనిపించింది. చేపలు పట్టగలను, కుందేలుకు ఉచ్చు వేయగలను, ఉత్తర దిక్కెటో చెప్పగలను. ఆవిడకు ఒక్క మాత్ర సంపాదించలేను.

మమ్మల్ని గట్టెక్కించినవాడు మా వాచ్‌మన్. ఆయనది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. తుఫాన్లు ఆయనకు కొత్త కాదు. మంచం కింద ఉన్న రేకు పెట్టెలోంచి పాలిథిన్ కవరులో చుట్టిన చిన్న నోటుబుక్కు తీశాడు. అందులో ప్రతి ఫ్లాటు వారి నంబర్లూ, వారి పిల్లల నంబర్లూ పెన్సిలుతో రాసి ఉన్నాయి. అదే కవరులో పది, ఇరవై రూపాయల నోట్లు, టార్చిలైటు, అగ్గిపెట్టె. ఫోన్లు పనిచేస్తున్న చోటు వెదుక్కుంటూ సైకిలు మీద వెళ్ళి, ఆ కొడుకుతో మాట్లాడి, మందు పేరు రాయించుకుని, ఆ చిల్లర నోట్లతోనే కొని తెచ్చాడు. మామ్మగారు కోలుకున్నారు. నేను ఆ వారమే నా డబ్బా టేపు విప్పాను.

తరువాత ఆలోచిస్తే, తప్పు నా ఎంపికలో కంటే ఆ డబ్బా పుట్టుకలో ఉందని తోచింది. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు గూఢచార విభాగం ఎం.ఐ.9 తమ విమాన సిబ్బందికి చిన్న పెట్టెలు ఇచ్చేది. విమానం కూలి శత్రుదేశంలో పడితే, పట్టుబడకుండా తప్పించుకోవడానికి అవసరమైన దిక్సూచి, హార్లిక్స్ బిళ్ళలు, నీటిని శుద్ధిచేసే బిళ్ళలు, నీళ్ళ తిత్తి వాటిలో ఉండేవి. 1986లో బ్రిటిషు సైన్యపు ప్రత్యేక దళంలో పనిచేసిన జాన్ వైజ్‌మన్ రాసిన 'ఎస్.ఎ.ఎస్. సర్వైవల్ హ్యాండ్‌బుక్' గాలాలు, ఉచ్చుతీగ, దిక్సూచి పట్టే రేకు డబ్బాను లక్షలాది సామాన్య పాఠకులకు పరిచయం చేసింది. ఈ డబ్బాలన్నిటికీ మూలంలో ఒక మనిషి ఉన్నాడు. అతడు ఒంటరివాడు. చుట్టూ ఉన్నది అడవి, లేకపోతే శత్రువులు. మనుషుల కంటబడకుండా ఉండడమే అతడికి క్షేమం. ఆ సైనికుడికి ఆ డబ్బా సరిగ్గా సరిపోతుంది.

మన ఆపదలు అలా రావు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తినప్పుడు, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు, జనం మేడల మీద గుంపులుగా నిలబడి పడవల కోసం, డ్రోన్లు తెచ్చే అన్నం పొట్లాల కోసం, మంచినీళ్ళ కోసం ఎదురుచూశారు. నాడు చెట్టుకొమ్మ మీదా, నేడు మేడ మీదా మన పక్కన మరొకరు ఉంటారు. వారిలో ఒక ముసలివారు, ఒక పసిబిడ్డ తప్పకుండా ఉంటారు. మనం మనుషులనుంచి పారిపోవడం లేదు, మనుషులు వచ్చేదాకా మనుషుల మధ్య ఒకటి రెండు రోజులు గడపవలసి ఉంది. సంచి సర్దేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఇక్కడే మారిపోతుంది. "నేను ఒక్కడినీ ఎలా బ్రతకాలి?" అన్నది కాదు. "ఈ ఊరు ఒకటి రెండు రోజులు ఆగిపోతే నేను ఇతరులకు బరువు కాకుండా, వీలైతే ఆసరాగా ఎలా ఉండాలి?" అన్నది.

ఈ ప్రశ్నకు జవాబుగా ఇప్పుడు నేను మోస్తున్న సంచి కళ్ళజోడు పెట్టెకు కాస్త పెద్దది. అందులో మొదటి వస్తువు మడతపెట్టిన ఒక కాగితం. దగ్గరివారి నంబర్లు ఐదారు, 112, 108, నేను వాడే మందుల పేర్లు, మోతాదులు, నాకు పడని మందు పేరు. పెన్సిలుతో రాశాను, తడిస్తే సిరాలాగా అలుక్కుపోదు కనుక. బ్యాంకు రహస్య సంఖ్యల వంటివి దీనిమీద రాయకూడదు. సంచి పోతే కాగితమూ పోతుంది. పెన్సిలు ముక్క కూడా పక్కనే ఉంటుంది.

రెండోది డబ్బు. వెయ్యి రూపాయలు, అన్నీ వంద, యాభై, ఇరవై నోట్లు. 2014లో ఏటీఎంలు ఆగితేనే అంత ఇబ్బంది పడ్డాం. కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతో చెల్లించే ఈ రోజుల్లో, ఫోను ఆరిపోతే చేతిలో పైసా లేనట్టే. ఐదు వందల నోటు ఉన్నా ఆ సమయంలో చిల్లర ఇచ్చేవాడు ఉండడు.

మూడోది మందులు. రోజూ వేసుకునేవి మూడు రోజులకు సరిపడా, అట్టతో సహా. విడి మాత్రలు వద్దు, పేరూ గడువు తేదీ అట్టమీదే ఉంటాయి. జ్వరానికి పారాసిటమాల్, రెండు మూడు బ్యాండేజీలు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, చక్కెర నీళ్ళతోనే ఎన్నో ప్రాణాలు నిలిపారు. పొట్లం లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలగొట్టి కొలిచి, కలుపుకోవచ్చు. ఈ కొలత కూడా ఆ కాగితం మీదే రాసుకున్నాను. మందులున్న సంచిని ఎండాకాలం బండి డిక్కీలో వదిలేయకండి. ఇన్సులిన్ వాడేవారికి ఈ పద్ధతి చాలదు, వారు తమ డాక్టరును అడిగి వేరే ఏర్పాటు చేసుకోవాలి.

తరువాత వెలుగు, చప్పుడు. ఒక చిన్న టార్చి. ఫోనులో లైటు ఉందిగా అనవచ్చు. ఆ లైటుకు ఖర్చయ్యే ఛార్జింగుతో ఒక కబురు చేరవేయవచ్చు. బ్యాటరీకీ రేకుకీ మధ్య కాగితం ముక్క అడ్డుపెడితే పొరపాటున వెలిగి అయిపోదు. ఒక ప్లాస్టిక్ ఈల. అరిచి అరిచి గొంతు పోతుంది, ఈలకు ఊపిరి ఉంటే చాలు. మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదడం సాయం కోరే సంకేతంగా చాలా దేశాల్లో తెలుసు. ఇక అరచేతిలో ఇమిడే పవర్ బ్యాంకు, దాని తీగ. వాడకపోయినా దాని ఛార్జింగు మెల్లగా దిగిపోతుంది కనుక నెలకొకసారి ఎక్కించాలి.

నీటికి క్లోరిన్ బిళ్ళలు. నీళ్ళు బురదగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టాలి, మురికిలో క్లోరిన్ బలం తగ్గిపోతుంది. బిళ్ళ ఎన్ని నీళ్ళకో, ఎంతసేపు ఆగాలో అట్టమీద చదివి వాడాలి. మురుగూ నూనెలూ కలిసిన వరదనీటిని మాత్రం ఏ బిళ్ళా బాగుచేయదు. రెండు పెద్ద చెత్త కవర్లు, ఇవి వానకు తొడుగుగానూ, కాగితాలకు కవచంగానూ ఉపయోగిస్తాయి. నాలుగు పిన్నీసులు, కాస్త నైలాన్ తాడు. నిప్పు కావాలనుకునేవారు ప్లాస్టిక్ కవరులో అగ్గిపెట్టె, రెండు హారతికర్పూరం బిళ్ళలు వేసుకోవచ్చు, మాత్రలకు దూరంగా. చాకు నేను తీసేశాను. విమానాశ్రయంలో ఎలాగూ లాగేసుకుంటారు; గోళ్ళు తీసుకునే కత్తెరతో నాకు ఇంతవరకు ఏ పనీ ఆగలేదు.

వీటన్నిటిమీదా ఒక తువ్వాలు. దీన్ని ఏ విదేశీ జాబితాలోనూ వెదకనక్కరలేదు. తలపాగా, నీళ్ళ వడపోత, కట్టు, విరిగిన చేతికి ఊయల, మూట, దుప్పటి, అన్నీ అదే. మన పెద్దలు భుజాన తువ్వాలూ, మొలలో చెకుముకి సంచీ, కొంగున చిల్లర ముడీ లేకుండా గడప దాటేవారు కారు. గొర్రెలకాపరి గొంగడి వానకు గొడుగు, రాత్రికి పక్క. దానికి ఎవరూ పెద్ద పేరు పెట్టలేదంతే.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. "ఎప్పుడో వచ్చే ఆపదకు రోజూ మోయడమా?" అంటారు. ఈ పదేళ్ళలో నా సంచిని నేను ఎక్కువగా తెరిచింది తుఫాన్లకు కాదు. రైల్లో పక్క బెర్తు పసివాడికి విరేచనాలయితే ఓఆర్ఎస్ కోసం, లిఫ్టు ఆగిపోతే టార్చి కోసం, దారిలో చెప్పు తెగితే పిన్నీసు కోసం. రెండో ఆక్షేపణ బరువైనది. "ప్రజల్ని కాపాడవలసింది ప్రభుత్వం కాదా, ఈ బాధ్యతను మనిషి భుజాన వేయడం ఏమిటి?" నిజమే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేల ప్రాణాలు పోయింది జేబులో సంచి లేక కాదు. అందవలసిన హెచ్చరిక అందక, ఎక్కవలసిన గట్టి కట్టడం లేక. తరువాతి తుఫాన్లలో మరణాలు తగ్గాయంటే ఆ ఘనత ముందస్తు హెచ్చరికలది, తుఫాను ఆశ్రయాలది, జనాన్ని తరలించిన వారిది. ఏ సంచీ ఆ పని చేయలేదు, చేయగలదని చెప్పి అమ్మేవారిని నమ్మకండి. సంచి పని ఆ తరువాత మొదలవుతుంది. ప్రాణం దక్కిన మనిషి మాత్ర లేక, నంబరు లేక, చిల్లర లేక అల్లాడకుండా చూడడం వరకే దాని పరిధి.

సంచిని సర్ది మరిచిపోతే అది కూడా నా పాత డబ్బాలాగే అలంకారమవుతుంది. అందుకని ఏటా రెండుసార్లు, ఉగాదికీ దసరాకీ, బయటికి తీస్తాను. ఉగాది ఎండలకు ముందు, దసరా తుఫాన్ల కాలంలో వస్తాయి. గడువు తీరిన మాత్రలు మార్చి, టార్చి వెలిగించి చూసి, నంబర్లు సరిచూస్తాను. ఆయుధపూజనాడు పనిముట్లతోపాటు దీనికీ ఒక బొట్టు పెడుతుంది మా ఆవిడ.

ఇప్పుడు నా కాగితం మీద నా వాళ్ళ నంబర్లతోపాటు మా అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ఇద్దరు పెద్దవారి పిల్లల నంబర్లు, వారి మందుల పేర్లు కూడా ఉన్నాయి. వారిని అడిగే రాసుకున్నాను. మీరు ఇంకేమీ కొనకపోయినా ఫరవాలేదు. ఈ సాయంత్రం ఒక కాగితం తీసి, మీకు కంఠతా రాని మూడు నంబర్లు రాసి జేబులో పెట్టుకోండి. నాలుగోది పక్కింటివారిని అడిగి రాసుకోండి.