మంచు కరిగితే చలి ఎడారి చిగురిస్తుందా?

అంటార్కిటికా అనగానే మంచు కప్పిన ఖండమే మనకు గుర్తుకు వస్తుంది. అయితే రాస్ సముద్రానికి పశ్చిమాన సుమారు 4,500 చదరపు కిలోమీటర్ల మేర మంచు లేని నేల ఉంది. అవే మెక్‌మర్డో పొడి లోయలు. 1903 డిసెంబరులో టేలర్ లోయలోకి దిగిన రాబర్ట్ స్కాట్ బృందానికి అక్కడ ప్రాణి జాడ కనిపించలేదు. నిజానికి జీవం ఉంది, కానీ కంటికి ఆనదు. అది మట్టిలో ఉంది.

ఈ లోయల్లో ఏడాదికి పడే మంచును నీటి లెక్కన చూస్తే 100 మిల్లీమీటర్లకు మించదు. అందులోనూ అధికభాగం కరగకుండానే ఆవిరైపోతుంది. ఖండం నడుమనున్న మంచు పీఠభూమి నుంచి దిగివచ్చే పొడిగాలులు మిగిలిన తేమను కూడా లాగేస్తాయి. నేలను కడిగే వాన లేదు. అందువల్ల సముద్రపు తుంపరల నుంచి, వాతావరణం నుంచి, శిలల క్షయం నుంచి వచ్చే లవణాలు వేల ఏళ్లుగా అక్కడే పేరుకుపోయాయి. మన చౌడు నేలల్లో వేసవిలో పైకి తేలే తెల్లని పొర రైతులకు తెలిసినదే. మంచినీరు పెట్టి, మురుగు కాలువ తీస్తే ఆ చౌడును కొంతవరకు వదిలించవచ్చు. పొడి లోయల్లో అటువంటి అవకాశం లేదు.

లవణం అక్కడ రెండు విధాలుగా పనిచేస్తుంది. నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గించి, గడ్డకట్టే చలిలోనూ పలుచని ద్రవపు పొరను నిలుపుతుంది. కాల్షియం క్లోరైడ్‌తో నిండిన డాన్ జువాన్ మడుగు తీవ్రమైన శీతాకాలంలో కూడా గడ్డకట్టకపోవడానికి కారణం ఇదే. కానీ ఆ లవణమే జీవకణాల్లోని నీటిని బయటకు లాగుతుంది. కాబట్టి నేలలో ఎంత తేమ ఉన్నదన్నది ఒక్కటే చాలదు. అందులో ఎంత నీరు జీవానికి దక్కుతుందన్నది ముఖ్యం.

ఈ పరిస్థితికి అలవాటుపడిన జీవి స్కాట్‌నీమా లిండ్సేయే అనే సూక్ష్మమైన నులిపురుగు. తేమ కరవైనప్పుడు ఒళ్లు ముడుచుకుని, ఎండి, సుప్తావస్థలోకి వెళ్తుంది. నీరు తగలగానే మళ్లీ కదులుతుంది.

1993 నుంచి టేలర్ లోయలో సాగుతున్న దీర్ఘకాలిక పరిశీలన ఇక్కడే ఒక హెచ్చరిక చేస్తోంది. 2001-02 వేసవిలో అసాధారణమైన వెచ్చదనానికి హిమానీనదాలు కరిగి, వాగులు పొంగాయి. నీరు వచ్చింది కనుక జీవం పెరుగుతుందని అనుకోవడం సహజం. కానీ పొడినేలకు అలవాటుపడిన స్కాట్‌నీమా సంఖ్య తగ్గుతూ వచ్చింది. తడిని ఇష్టపడే ఇతర జాతులు ఆ తర్వాతి ఏళ్లలో పెరిగాయి. కరిగిన నీరు అడుగునున్న లవణాలను కదిలించి మరోచోటికి చేర్చగలదు. అంటే వేడెక్కడం వల్ల ఈ ఎడారి మొత్తంగా పచ్చబడదు. ఒక జీవవ్యవస్థ స్థానంలో మరొకటి వస్తుంది.

భారతదేశానికి ఈ విషయం దూరమైనది కాదు. 1983లో అంటార్కిటిక్ ఒప్పందంలో చేరిన మన దేశం, మంచు లేని షిర్మాకర్ ప్రాంతంలో మైత్రి కేంద్రాన్ని, లార్సెమన్ కొండల్లో భారతి కేంద్రాన్ని నడుపుతోంది. 2022లో అంటార్కిటిక్ చట్టాన్ని తెచ్చుకున్నాం. 2024 మేలో ఒప్పంద దేశాల 46వ సమావేశానికి కొచ్చిలో ఆతిథ్యమిచ్చాం. పాతబడిన మైత్రి స్థానంలో కొత్త కేంద్రం నిర్మించే ఆలోచన కూడా ఉంది.

అంటార్కిటికాలో శాశ్వత కేంద్రాలు చాలావరకు ఇటువంటి మంచులేని నేలలపైనే వెలుస్తాయి. ఖండంలో ఆ నేల ఒక శాతం కన్నా తక్కువ. అక్కడి మట్టిపై పడిన అడుగుజాడ దశాబ్దాలు చెరగదు. ఒలికిన ఇంధనాన్ని, వదిలిన మురుగునీటిని శుద్ధిచేసే శక్తి ఆ నేలకు దాదాపు లేదు. కొత్త నిర్మాణానికి స్థలం ఎంచుకునేటప్పుడు భూమి గట్టిదనం, రవాణా సౌకర్యాలతో పాటు మట్టిలోని తేమ, లవణం, జీవం లెక్కలను కూడా ముందుగానే నమోదు చేయాలి. మనం రాకముందు ఆ నేల ఎలా ఉండేదో తెలియకపోతే, తర్వాత వచ్చిన మార్పు వాతావరణానిదా, మనదా అన్నది తేల్చడం కష్టమవుతుంది.